పాతరలో దీపం

దేశ్‌ముఖుల గడి చూడవచ్చిన పిల్లలు పల్లకిని చూసి ఊరుకుంటారు. గోడకు వేలాడే ఖడ్గాలను చూసి గుసగుసలాడుకుంటారు. మనిషి పట్టేంత రాగి గంగాళంలో ఒకరినొకరు కూర్చోబెట్టాలని పెనుగులాడి, వెంట వచ్చిన పంతులమ్మ చేత మొట్టికాయలు తింటారు. కాని చిట్టచివరి వాకిట, ఇనుపచట్రం కింద నోరు తెరచుకొని ఉన్న ధాన్యపు పాతర దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒక్కపెట్టున మౌనం వహిస్తారు. ఆ మౌనం ఎంతోసేపు నిలవదు. ఎవడో ఒకడు వంగి తన పేరు తానే అరుస్తాడు. పాతర ఆ పేరును ఒక్క క్షణం మింగి, బొంగురుగొంతుతో పైకి ఉమిసివేస్తుంది. ఇక పట్టడం ఎవరితరం? నలభై పేర్లు లోపలికి పోతాయి, నలభై పేర్లు బయటికి వస్తాయి.

అప్పుడు రామచంద్రం పంతులు చేతికర్రతో చట్రం మీద రెండుసార్లు తట్టేవాడు.

"చాలుర్రా, చాలు! పాతరకు ఇంకా చెవుడు రాలేదు. బాళాంనో, ఆతా దివా బఘా! ముక్కు కారేటోళ్లు ఎనుకకు పొండ్రి, నూనెల పడ్తది."

పిల్లలు నవ్వి, దీపం కోసం మెడలు చాచేవారు. చట్రం నడుమ తట్ట పట్టేంత కంత ఒకటి ఉంది. చేంతాడు కొసకు కట్టిన ఇత్తడి దీపాన్ని వెలిగించి పంతులు అందులోనుంచి మెల్లగా జారవిడిచేవాడు. ఆ తాడుకు బారకు ఒకటి చొప్పున నాలుగు ముళ్లు ఉన్నాయి. నాలుగో ముడి చట్రాన్ని తాకితే దీపం అడుగును తాకినట్టు.

"పాతర మూసి ఉన్నన్ని దినాలు లోపల విషపు గాలి పడ్తది. దీపం నిలిస్తే మనిషి నిలుస్తడు. దీపం నిలువకుంటే మనిషి నిలువడు. అందుకని అడుగు ముట్టేదాక దించి చూసి, అటెనుక దిగుతరు. గిది మన పెద్దల శాస్త్రం."

అదే మాటను మరాఠీలో మళ్లీ చెప్పేవాడు. నాలుగో ముడి తాకేది. చీకటి అడుగున దీపం చిన్న బంగారు గింజలా మెరుస్తూ నిలిచేది. ఎందుకు నిలవదు? ఏళ్లతరబడి ధాన్యం లేక, మూత లేక, గాలివాటుకు తెరచి పెట్టిన గుంత అది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

పాతర పక్కగోడకు నల్లరాతి పలక ఒకటి ఉంది. దుర్భిక్షంలో ఈ పాతర తెరచి పన్నెండు గ్రామాలకు ధాన్యదానం చేసిన పుణ్యపురుషుడు బాబురావు దేశ్‌ముఖ్ అని దాని మీద మరాఠీలో చెక్కి ఉంది. పిల్లలు నోటుపుస్తకాలు తీసి దానిని ఎత్తి రాసుకొనేవారు. ఆ పలక మీద ఒక్క అక్షరమూ అబద్ధం కాదు. దాని దోషం అదే.

మహారాష్ట్ర సరిహద్దున, బిలోలికి ఆమడ దూరంలో, మంజీర ఒడ్డున ఉన్న సిరిపెల్లి గడిలో రామచంద్రం నలభై ఏళ్లు పురాణం చెప్పాడు. సాయంత్రం కాగానే సావడి నిండేది. ఆయన శ్లోకం చదివి, తెలుగులో అర్థం చెప్పి, మరాఠీవారి కోసం మరొక్కసారి విప్పి చెప్పేవాడు. గట్టు తగాదా వచ్చిన అన్నదమ్ములు కోర్టుకు పోక ఆయన మాటకు కట్టుబడేవారు. "పంతులు నోట అబద్ధం రాదు" అన్నది ఆ ఊళ్లో సామెతవలె స్థిరపడింది. ఆయనకు వేరే ఆస్తి లేదు. భార్య పోయింది, సంతానం లేదు. ఉన్నదల్లా ఆ పేరొక్కటే. మనిషి దేనినైనా వదులుకోగలడు గాని, లోకం తనకు కట్టబెట్టిన మంచిపేరును వదులుకోలేడు. అది అర్హత లేకుండా వచ్చినదైతే మరీ గట్టిగా పట్టుకుంటాడు.

బాబురావు కాలం చేశాక మనుమడు నందకిషోర్ గడిని బాగుచేయించి, తాత పేర స్మారకంగా తెరిచాడు. నాందేడు నుంచి, ధర్మాబాద్ నుంచి, చుట్టుపట్ల ఊళ్లనుంచి బడిపిల్లలను చలికాలంలో సహల్ పేరుతో విహారానికి తీసుకువచ్చేవారు. వారికి గడిని చూపించి చెప్పే పని రామచంద్రానికి అప్పగించి, దిడ్డివాకిలి పక్కన ఉండడానికి ఒక గది ఇచ్చాడు.

"మీరు నోరు తెరిస్తే గోడలు గూడ లేచి నిలబడ్తయ్ గురూజీ," అనేవాడు నందకిషోర్.

పందొమ్మిదివందల ఎనభై అయిదో సంవత్సరం పుష్యమాసంలో ఒక మంగళవారం ఉదయం రామచంద్రం స్నానం చేసి గది ముందు విభూతి పెట్టుకుంటూ ఉండగా మైసవ్వ వచ్చి నిలుచుంది. ఆమె గడి ఊడ్చే మనిషి. ఎప్పుడూ ఆయన వంక చూసేది కాదు. ఆయన ఉన్న చోట కొంచెం తొందరగా ఊడ్చి వెళ్లిపోయేది. ఆనాడు చీపురు చంకన పెట్టుకొని కదలకుండా నిలుచుంది.

"పంతులయ్యా, బేస్తారం కర్ఖేలి బడి అస్తదట గదా?"

"వస్తున్నది. పంతులమ్మ ఇందుబాయి జాబు రాసింది. ముప్పై ఎనిమిది మందట."

"అండ్ల మా సుందరి ఉంటది. నా బిడ్డ బిడ్డ. బడిల సుందరాబాయి అని రాసిండ్రు, ఇంట్ల సుందరే. అయిదో తరగతి."

"మంచిది. ముందల్నే నిలబెట్టి చూపిస్త."

"సూపిచ్చుడు గాదు." మైసవ్వ చీపురును ఒక చంకనుంచి ఇంకొక చంకకు మార్చుకుంది. "నిరుడు పెద్ద తరగతోళ్లు గడి సూసిపోయిండ్రు గద. గా కతనే అందర్తోని రాపిచ్చిండ్రట. మా పిల్ల గూడ రాసింది. దేశ్‌ముఖ్ దానం జేసిండని రాస్తె పంతులమ్మ చప్పట్లు గొట్టిచ్చిందట. ఇంటికచ్చి నన్నడిగింది, 'అవ్వా, మా తాత గా పాతర్లనే సచ్చిండంటవ్, గా కతల తాత లేడేంది?' అని. నేనేం జెప్త పంతులయ్యా? నా మాట ఎవలు రాసుకుంటరు? నువ్వు జెప్తే రాసుకుంటరు."

రామచంద్రం విభూతి పెట్టుకోవడం ఆపాడు.

"ఏం చెప్పమంటవ్?"

"అయింది జెప్పు. ఎక్వ వద్దు, తక్వ వద్దు. పిల్ల నిన్ను ఒక్క మాట అడుగుతది. దానికి జవాబియ్యి. గంతే."

అవతల నందకిషోర్ పెంచే కుక్క ఎండలో ఒళ్లు విరుచుకుంది.

"చెప్తాను మైసవ్వా. ఆ తులసమ్మ సాక్షి."

మైసవ్వ తులసికోటవైపు తిరిగి చూసి పళ్లు కనిపించకుండా నవ్వింది.

"తులసమ్మ ఎండిపోయి నెలాయె. నీళ్లు వోసేది నేనే, నాకెరుక. ఇంకెవలనన్న సాచ్చెం వెట్టుకో."

"అయితే నా నాలుకే సాక్షి."

"గట్లనే కానియ్యి," అని ఆమె వంగి ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంకాలం సంధ్య వార్చుకొనేటప్పుడు దోసిలిలో అర్ఘ్యజలం నిలవలేదు. వేళ్ల సందుల నుంచి కారిపోతూ ఉంటే రామచంద్రం పన్నెండేళ్ల కిందటి ఆ గురువారాన్ని, వద్దు వద్దనుకుంటూనే, మొదటినుంచి చివరిదాకా మళ్లీ చూశాడు.

డెబ్బై రెండు కరువు. మంజీర ఇసుకలో చెలమ తోడినా నీరు ఊరని ఏడు. జనం సర్కారు పెట్టిన కరువుపనుల్లో కంకర కొట్టి, రేషనులో వచ్చిన ఎర్రజొన్నను దంచి గటక కాచుకొని ప్రాణాలు నిలుపుకొంటున్నారు. బాబురావు పాతర అడుగున మాత్రం పచ్చజొన్న దండిగా ఉంది. ధర కొండ కొమ్ముకెక్కేదాకా ఆయన ఓపిక పట్టాడు. ఎక్కింది. నిజామాబాదు బేపారి లారీ తెచ్చి వాకిట నిలిపాడు.

పాతర తెరిచేనాడు మొదటి కుంచెడు గింజలు మంచి గడియలో తీసి ఇలవేల్పు ముందు పోయడం ఆ ఇంటి ఆచారం. ఆ గడియ పెట్టింది రామచంద్రమే. బారెడు పొద్దెక్కేలోపు ముగియాలి, తరువాత వర్జ్యం. తెల్లవారగానే మూతబండ తీశారు. పాతర దిగడంలో మైసవ్వ పెనిమిటి ఎంకన్నది తాతలనాటి చెయ్యి. వాడు తాడుకు దీపం కట్టి దించాడు. మూడో ముడి దగ్గర దీపం గుటుక్కుమంది. మళ్లీ వెలిగించి దించాడు. రెండో ముడి దాటగానే మళ్లీ పోయింది.

"పాతర ఇంకా ఊపిరి ఇడువలే దొరా," అన్నాడు ఎంకన్న. "మాపటిదాక ఆగాలె. గొంగడితోని ఇసిరి గాలి తోడాలె."

బేపారి గడియారం చూసుకున్నాడు. బాబురావు పంతులు వంక చూశాడు.

"ఏంది పంతులు? మంచి గడియ అంటివి. గడియల్నే దీపం కొండెక్కిందేంది?"

ఆ ప్రశ్నలో అంతా ఉంది. ఎంకన్నకు ఆ దీపం గాలికి కొలత. రామచంద్రానికి అది ఇంటికి శకునం. తాను పెట్టిన ముహూర్తంలో, పదిమంది చూస్తుండగా, దీపం రెండుసార్లు పోయింది. శకునానికి శాంతి ఉంది. గాలికి శాంతి లేదు. ఆ భేదం ఆ క్షణాన ఆయనకు తోచలేదో, తోచినా తోయబడిందో, భగవంతునికే తెలియాలి. ఆవునెయ్యి తెప్పించాడు. కొత్త వత్తి వేశాడు. తూర్పుముఖంగా కూర్చుండి మంత్రం చదివాడు. ఎంకన్న చేతిలోని తాడును తానే తీసుకొని, పాతర నోటికి అడ్డంగా కూర్చొని, దీపాన్ని దించాడు.

మొదటి ముడి. దీపం నిటారుగా నిలిచింది.

ఆయన చెయ్యి అక్కడ ఆగిపోయింది. ఇంకొక బార వదిలితే ఏమవుతుందో చేతికి తెలుసు.

"దీపం నిలిచింది," అన్నాడు రామచంద్రం. "దిగు ఎంకన్నా. నీకేం కాదు."

ఎంకన్న తలపాగా విప్పి నడుముకు బిగించుకుంటూ అడిగాడు.

"కిందిదాక సూసినవా పంతులయ్యా?"

"చూసిన."

"నీ నోట అబద్ధం రాదు గదా," అని వాడు నవ్వి, తాడు పట్టుకొని దిగాడు.

"తట్ట ఇడువుండ్రి" అన్నది వాని చివరిమాట. విడిచిన తట్ట అట్లాగే ఉండిపోయింది. బావిలో పడ్డ బిందెలను తీసే పాతాళగరిగెతో వాడిని పైకి తీసేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

బేపారి లారీ తిప్పుకున్నాడు. "ముర్దే కా అనాజ్ కౌన్ ఖాతా జీ?" అన్నాడు, పీనుగు పడ్డ గింజ ఎవడు తింటాడని. బాబురావు నెత్తికి చేతులు పెట్టుకొని మళ్లీ పంతులునే అడిగాడు. రామచంద్రం శాస్త్రం చెప్పాడు. శవం పడిన పాతర గింజ దేవునికి పనికిరాదు, ఇంటికి పనికిరాదు, అమ్మితే ఆ సొమ్ము నిలవదు, దానం చేస్తే దోషం తొలగుతుంది. ఎవరూ కొనని జొన్నలు అట్లా పన్నెండు ఊళ్లకు ఉచితంగా వెళ్లాయి. ఆకలి ముందు శవమెవరిది, శాస్త్రమెవరిది? జనం తిన్నారు, బతికారు, బాబురావును దేవుడన్నారు. ఎంకన్నది విధి అన్నారు. మొదటి ముడి సంగతి మాత్రం తనకూ, పైనున్నవానికీ తప్ప మూడోవానికి తెలియదని రామచంద్రం నమ్మాడు.

సంధ్య ముగించి చేతులు కడుక్కుంటూ ఆయన గట్టిగా తలచుకున్నాడు. చెబుతాను. ఎంకన్న పేరు మాత్రమే కాదు, ముడి సంగతి కూడా చెబుతాను. ఆ తలంపుతో మనసు ఎన్నో ఏళ్లకు తేలికపడింది. సంకల్పం చేసుకోగానే సగం పుణ్యం వచ్చినట్టు భావించడం చదువుకున్నవారికి ఉండే జబ్బు.

గురువారం పొద్దున్నే నందకిషోర్ హడావిడిగా వచ్చాడు.

"గురూజీ, ఇయ్యాల నాందేడు నుంచి చదువుల శాఖ సాహెబ్ అస్తున్నడు. గాయన సంతకం పెడితే తాలూకల ఉన్న బడులన్ని ఏటేటా మన వాకిట్లకే. జర రంగు పెట్టి చెప్పుండ్రి."

"నేను రంగులు వేయను మాలక్. ఉన్నదే చెప్తా."

"అదే, అదే. మీరు ఉన్నది చెప్తెనే రంగులెక్క ఉంటది!"

జీపూ, పిల్లలున్న ఎర్ర బస్సూ ఇంచుమించు ఒక్కమారే వచ్చాయి. ఇందుబాయి ఎత్తుగా, గొంతు బొంగురుపోయిన మనిషి. దిగినప్పటినుంచి లెక్క పెడుతూనే ఉంది. "ముప్పై ఏడు... అరే, మాణిక్ కుఠే గేలా? గంగాళంల ఉన్నడా? దిగు రా గాడిదా!" సాహెబు కళ్లద్దాలు తుడుచుకుంటూ పల్లకిని, ఖడ్గాలను చూశాడు. ఆయనకు తెలుగు రాదు.

రామచంద్రం ఆ పిల్లను ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాడు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఎంకన్న నొసలు. చేతిలో నోటుపుస్తకం, చెవిమీద పెన్సిలు. పాతర దగ్గర అందరూ తమ పేర్లు అరుస్తూ ఉంటే ఆ పిల్ల అరవలేదు. "సుందరీ, నువ్వు గూడ ఒర్రు!" అని పక్కపిల్ల మోచేత్తో పొడిచింది. "మా అవ్వ వద్దన్నది," అంది. మైసవ్వ దూరాన గుమ్మం దగ్గర చీపురు పట్టుకొని నిలుచుంది.

దీపం దిగింది. ఒకటో ముడి, రెండో ముడి, మూడో ముడి, నాలుగో ముడి. అడుగున బంగారు గింజ నిలిచింది. చప్పట్లు. సాహెబు కూడా వంగి చూసి, "వా!" అన్నాడు. రామచంద్రం శాస్త్రం చెప్పాడు. దీపం నిలిస్తే మనిషి నిలుస్తడు. ఎప్పుడూ చెప్పే మాట ఆనాడు నోటిలో గరగరలాడింది.

సుందరాబాయి చెయ్యి ఎత్తింది.

"తాతా, ఒక్క మాట."

"అడుగు బిడ్డా."

"దీపం నిలిస్తేనే దిగుతరంటివి గద. మా తాత ఎంకన్న గిండ్ల దిగిండట. ఆయన దిగినప్పుడు దీపం నిలిచిందా, నిలువలేదా?"

పిల్లలు కొందరు తెలుగువాళ్లు, కొందరు మరాఠీవాళ్లు. తెలుగువాళ్లు మాత్రం పాతర మీదినుంచి తలలెత్తి ఇటు చూశారు. నందకిషోర్ ముఖం బిగుసుకుంది. "కాయ్ మ్హణతే ముల్గీ?" అని సాహెబు అడిగాడు. పిల్ల ఏమంటున్నదో ఆయనకు కావాలి.

నిలువలేదు అన్నది ఒక్క మాట. ఆ మాట వెనక ఇంకొక్క మాట, నేను చూడలేదు అని. రామచంద్రం నోరు తెరిచాడు. మాట నాలుక కొసదాకా వచ్చింది. అప్పుడు ఆయన చూపు పిల్లల ముఖాల మీద పడింది. ముప్పై ఎనిమిది జతల కళ్లు, నలభై ఏళ్లు సావడిలో తన ముఖాన్ని చూసిన కళ్లలాగే, నిండు నమ్మకంతో తనను చూస్తున్నాయి. ఆ మాట చెప్పిన మరుక్షణం ఆ కళ్లు మారిపోతాయి. సాయంత్రానికి కర్ఖేలికి తెలుస్తుంది. రేపటికి పన్నెండు ఊళ్లకు తెలుస్తుంది. పంతులు నోట అబద్ధం రాదన్న సామెత ఊరి నోట ఉమ్ము అవుతుంది.

మొదటి ముడి దగ్గర ఆగిన చెయ్యి లాగే నాలుక కూడా ఆగింది. ఆగి, తనకు అలవాటైన దారిన పోయింది.

"మీ తాత దీపం చూసి దిగలేదు బిడ్డా," అన్నాడు రామచంద్రం. కంఠం తనంతట తానే సావడి కంఠమైంది. "ఊరి ఆకలి చూసి దిగిండు. లోపల మృత్యువున్నదని ఎరిగి దిగిండు. తన ఊపిరి పాతరకిచ్చి, పాతరలోని అన్నం పన్నెండూళ్లకు ఇప్పించిండు. అటువంటి తాతకు మనుమరాలివి నువ్వు."

చివరి మాటకు ఆయన కంట నీరు కూడా వచ్చింది. అది అబద్ధపు నీరు కాదు. అందుకే అందరూ నమ్మారు.

నందకిషోర్ బిగబట్టిన ఊపిరి వదిలి, ఒక్కొక్క వాక్యం మరాఠీలోకి మార్చి చెప్పాడు. ఇంకొంచెం కలిపి చెప్పాడు. సాహెబు కళ్లద్దాలు తీశాడు.

"ఇది పలక మీద లేదేం? ఇది కదా పిల్లలకు తెలియవలసింది!" అన్నాడు మరాఠీలో.

"వెంటనే చెక్కిస్తాను సాహెబ్," అన్నాడు నందకిషోర్.

ఇందుబాయి చప్పట్లు కొట్టించింది. పిల్లలు సుందరాబాయి వీపు తట్టారు. మాణిక్ అనే ఆ గంగాళం పిల్లవాడు పాతరలోకి వంగి "ఎంకన్నా!" అని కేకవేశాడు. పాతర తిరిగి పిలిచింది. ఆ గోలలో పిల్ల మళ్లీ రామచంద్రం పంచె అంచు పట్టి లాగింది.

"నిలిచిందా, నిలువలేదా తాతా? మా అవ్వ గదే అడగమన్నది."

"నీ తాత గురించి గంత మంచి మాట జెప్తే ఇంకా అడుగుతవేంది పోరీ!" అని ఇందుబాయి దాని చెయ్యి పట్టుకొని వరుసలోకి లాగింది. "రాసుకో, రాసుకో. యాగం, త్యాగం, అన్నీ రాసుకో."

చెవిమీది పెన్సిలు తీసి పిల్ల తల వంచుకొని రాసుకుంది. ఏం రాసుకుందో రామచంద్రం చూడలేదు.

బస్సు వెళ్లిపోయింది. జీపు వెళ్లిపోయింది. పిల్లలు తిని పారేసిన రేగుగింజలు వాకిలంతా పడి ఉన్నాయి. మైసవ్వ ఊడ్చలేదు. పాతర గట్టుమీద కూర్చొని ఉంది. ఆ చోట ఆమె కూర్చోవడం రామచంద్రం ఎన్నడూ చూడలేదు.

"జెప్పినవ్ పంతులయ్యా," అంది. "మంచిగ జెప్పినవ్. నాకే ఏడుపచ్చె."

"వాని పేరు రాతి మీద కెక్కుతది మైసవ్వా. కలకాలం..."

"ఆడు కూలికి దిగిండు." ఆమె గొంతు పెంచలేదు. "సోలెడు జొన్నల కూలికి దిగిండు. ఊరి కోసం దిగనీకె ఆనికేమన్న పిచ్చి లేసిందా? ఇంట్ల మేమే మూడు దినాల సంది గంజి తాగుతున్నం. మంచోడే గాని దేవుడు గాదు ఆడు. కల్లు తాగేటోడు, నన్ను కొట్టేటోడు, మల్ల బతిలాడేటోడు. నువ్వు ఆన్ని గూడ పురాణంల కలిపినవ్. ఇగ నా మొగడు నాకు లేడు."

రామచంద్రం ఏదో అనబోయాడు.

"మొదటి ముడి కాడ ఆపినవ్," అంది మైసవ్వ.

ఆయన చేతికర్ర జారి చట్రం మీద పడింది. పాతర ఆ చప్పుడును తిరిగి ఇచ్చింది.

"తట్ట పట్టుకొని నీ ఎనుకనే నిలవడితి. నాలుగు ముళ్లల్ల మూడు నీ చేతులనే ఉండె. నేను లెక్క వెట్టిన."

"అయితే... అప్పుడే ఎందుకు చెప్పలేదు మైసవ్వా? ఎందుకు ఆపలేదు?"

"నీ నోట అబద్ధం రాదంటరు గద." ఆమె మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "నా కండ్లే తప్పు జూసినయనుకున్న. పంతులు నోరు తప్పయితదా అనుకున్న."

రామచంద్రం వంగి కర్రను తీసుకున్నాడు.

"ఆ తర్వాత? ఈ పన్నెండేండ్లు?"

"గా జొన్నలు మేం గూడ తిన్నం గద పంతులయ్యా. మా ఇంటికి మూడు తట్టలు వంపిండ్రు. పిల్లలు బతికిండ్రు. నోరు నిండ జొన్నలు వెట్టుకొని మాట ఎట్ల మాట్లాడ్త? గందుకే నేననుకున్న, నా నోరు ఎంగిలయింది, నీ నోట్నే ఇనాలె అని. పిల్లనన్న అడిగితే సిగ్గువడుతవేమో అనుకున్న."

మైసవ్వ లేచింది. చీపురును పాతర గట్టుకు ఆనించి నిలబెట్టింది.

"ఇగ దీని సుట్టు నువ్వే ఊడ్సుకో," అని, కొంగు నడుముకు చుట్టుకొని, దిడ్డివాకిలి దాటి వెళ్లిపోయింది. రామచంద్రం ఆమెను పిలవలేదు. పిలిచి చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. దానిని చెప్పే గడియను ఆయన ఆ ఉదయమే ఖర్చు చేసుకున్నాడు.

మాఘం దాటకముందే కొత్త పలక వచ్చింది. ఆకలిగొన్నవారికై ప్రాణమిచ్చిన స్వామిభక్తుడు ఎంకన్న అని, బాబురావు పేరు కింద, కొంచెం చిన్న అక్షరాలలో చెక్కించారు. సాహెబు సంతకంతో తాలూకా బడులన్నిటికీ కాగితం వెళ్లింది. బస్సులు వరుసకట్టాయి. పిల్లలు ఇప్పుడు పాతరలోకి తమ పేర్లు అరవడం మానివేశారు. పలక చదివి, గుండ్రంగా వంగి, అందరూ ఒక్కగొంతున "ఎంకన్నా!" అని పిలుస్తారు. పాతర ప్రతిసారీ పలుకుతుంది. అది ఆ విహారంలో అందరికీ నచ్చే ఘట్టమని నందకిషోర్ వచ్చినవారితో చెబుతాడు.

ఒకనాడు ఇస్లాపూర్ వైపునుంచి వచ్చిన చిన్నపిల్లల ముందు రామచంద్రం దీపం దించుతున్నాడు. మొదటి ముడి చట్రాన్ని తాకింది. అక్కడ ఆయన చెయ్యి ఆగిపోయింది. వదలాలని చూశాడు. వేళ్లు విడివడలేదు. మసకబారిన కళ్లకు కింద దీపం కనిపించడం లేదు. దానికి పైన, చట్రం చుట్టూ, చిన్న చిన్న ముఖాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఆణఖీ ఖాలీ, ఆజోబా!" అని ఒక పిల్ల అరిచింది.

"ఇంకా కిందికి తాతా! ఇంకా కిందికి!" అని తెలుగుపిల్లలు అందుకున్నారు.

అందరూ చప్పట్లతో దరువు వేస్తూ అరవసాగారు. ఇంకా కిందికి, ఇంకా కిందికి. పాతర కూడా వారితో గొంతు కలిపి అదే మాట అంది. చాలాసేపటికి రామచంద్రం వేళ్లు సడలాయి. రెండో ముడి, మూడో ముడి, నాలుగో ముడి. తాడు బరువు తగ్గింది.

అడుగున దీపం నిలిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.